చెనక్కాయ వేరు చివర 40 క్రోమోజోములు: తిరుపతి ప్రాజెక్టు డైరీ

జూన్ ఆఖరు: ఏం చేయాలి, దేనితో చేయాలి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పొలాల్లో వేసే వేరుశనగ రకాల వేరు చివర్లు తీసుకుని, ఒక్కో కణంలోని 40 క్రోమోజోములూ ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా కనిపించే స్లైడు తయారు చేయడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. డిగ్రీ కాలేజీ ల్యాబులో మామూలుగా ఉండే మైక్రోస్కోపుతోనే ఇది సాధ్యపడాలి. ఫ్లోరోసెన్స్ దీపాలు, ఖరీదైన ఎంజైములు లేకుండా చేయాలన్నది మేం పెట్టుకున్న నియమం. తీసుకున్న రకాలు మూడు: తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి, కదిరి నుంచి వచ్చిన కె-6.

పాఠాల్లో ఎప్పుడూ ఉల్లి వేరే ఎందుకు చూపిస్తారో, వేరుశనగ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఎందుకు వదిలేస్తారో ఒక లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఉల్లిలో ఒక సెట్టు డీఎన్‌ఏ దాదాపు 1,600 కోట్ల బేస్ జంటలు. అదంతా 8 క్రోమోజోముల్లో సర్దుకుంటుంది కాబట్టి ఒక్కోదానికి సగటున 200 కోట్లు వస్తాయి. వేరుశనగలో ఒక సెట్టు దాదాపు 270 కోట్లు, క్రోమోజోములు 20. అంటే ఒక్కోదానికి 13.5 కోట్లే. ఉల్లి క్రోమోజోములో పదిహేనో వంతు అన్నమాట. వరి ఇంకా చిన్నది: 40 కోట్ల లోపు డీఎన్‌ఏ 12 క్రోమోజోముల్లో ఉంటుంది, ఒక్కోదానికి మూడు కోట్ల పైచిలుకు. ఒక్కో కణంలో రెండేసి సెట్లు కాబట్టి ఉల్లికి 16 ఉంటే వేరుశనగకు 40. సైజు తగ్గి సంఖ్య పెరిగింది, కష్టమంతా అక్కడే.

అయినా మైక్రోస్కోపు చాలదనే మాట నిజం కాదు. 100ఎక్స్ ఆయిల్ అబ్జెక్టివ్ మీద 1.25 అని రాసి ఉంటుంది, అది దాని న్యూమరికల్ అపర్చర్, అంటే కటకం ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగు అందుకుంటుందో చెప్పే అంకె. ఆకుపచ్చ వెలుగులో దానితో విడదీసి చూడగలిగే దూరం సుమారు 0.27 మైక్రాన్లు. వేరుశనగ క్రోమోజోముల పొడవు సుమారు 1.5 నుంచి 4 మైక్రాన్ల మధ్య ఉంటుంది. కాబట్టి కనిపించడానికి అడ్డేమీ లేదు. అవి విడివిడిగా పరుచుకుంటాయా లేదా అన్నది స్లైడు పెట్టకముందే, వేరును కోసిన గంటలోనూ ముంచిన నీటి చల్లదనంలోనూ తేలిపోతుంది.

జులై మొదటి వారం: రసాయనాలు కలపడం

8-హైడ్రాక్సీక్వినోలిన్ (కణ విభజనను మధ్యలో ఆపి, క్రోమోజోములు విడివిడిగా చెదిరేలా చేసే మందు), 0.002 మోలార్: లీటరు డిస్టిల్డ్ వాటరుకు 0.29 గ్రాములు, 100 మి.లీ. కైతే 29 మిల్లీగ్రాములు. చూడ్డానికి చిటికెడే అయినా త్వరగా కరగదు. 60 డిగ్రీల వేడి నీళ్లలో వేసి కలుపుతూ, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కరుగుతుంది. గోధుమరంగు సీసాలో పోసి, వెలుతురు తగలకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. అడుగున పలుకులు కనిపిస్తే గాఢత తగ్గినట్టే, మళ్లీ వేడిచేసి కలపాలి.

ఈ పనికి కొల్చిసిన్ వాడతారని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మందు అడవినాభి జాతి మొక్కల్లోనూ ఉంటుంది. పని బాగానే చేస్తుంది, కానీ మనిషికీ అది విషమే. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, సింకులో పారబోయకూడదు. విద్యార్థులు ఉన్న ల్యాబులో ఆ ప్రమాదం అవసరం లేదు. పైగా వేరుశనగకు హైడ్రాక్సీక్వినోలినే మేలు, ఎందుకంటే క్రోమోజోముల మీది నొక్కులు (సన్నబడిన చోట్లు) దీనితో స్పష్టంగా తేలతాయి.

ఫిక్సేటివ్ (కణాన్ని ఉన్నదున్నట్టు నిలిపే ద్రవం): అబ్సల్యూట్ ఆల్కహాల్ మూడు పాళ్లు, గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం ఒక పాలు. ఎంత అవసరమో అంతే, వాడబోయే ముందే కలపాలి. ఈ రెండూ కలిసి నిలవ ఉంటే మెల్లగా ఎస్టరుగా మారతాయి, వాసన తియ్యగా తిరుగుతుంది, కణాన్ని పట్టి నిలిపే శక్తి తగ్గుతుంది. ముందు రోజు కలిపింది మళ్లీ వాడొద్దు. అబ్సల్యూట్ ఆల్కహాల్ దొరకనిచోట మిథనాల్‌తో కలుపుకోవచ్చు. మిథనాల్ ఆవిరి కళ్లకు హాని చేస్తుంది కాబట్టి కిటికీలు తీసే ఉండాలి.

ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం: గాఢ ఆమ్లం 8.3 మి.లీ. తీసుకుని, సుమారు 80 మి.లీ. నీళ్లలో మెల్లగా పోసి, తర్వాత 100 మి.లీ. చేయాలి. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు.

అసిటోకార్మిన్ (క్రోమోజోములకు పట్టే ఎర్ర రంగు), 1 శాతం: 45 మి.లీ. గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం, 55 మి.లీ. నీళ్లు కలిపి మరిగించి, 1 గ్రాము కార్మిన్ వేసి, సన్నటి సెగ మీద అరగంట సేపు ఉంచి, చల్లారాక వడకట్టాలి. నెలకోసారి మళ్లీ వడకట్టుకోవాలి. లేకపోతే స్లైడు మీద నల్లటి పలుకులు పడి, కొత్తవాళ్లు వాటినే క్రోమోజోములని బొమ్మ వేస్తారు. రంగు ముదరడానికి ఇనుము కావాలి. పాత ఇనుప సూదితో కణజాలాన్ని విడదీస్తే అదే చాలు. ఫెర్రిక్ క్లోరైడు వేస్తే పది మి.లీ. రంగుకు ఒక చుక్క దాటకూడదు. దాటితే కణమంతా నల్లబడుతుంది.

షిఫ్ రియేజెంటు (డీఎన్‌ఏకు ఊదారంగు పట్టించే ద్రవం): 100 మి.లీ. డిస్టిల్డ్ వాటరు మరిగించి, దించి, 0.5 గ్రాము బేసిక్ ఫుక్సిన్ వేయాలి. 50 డిగ్రీలకు చల్లారాక వడకట్టి, 15 మి.లీ. ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1.5 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి, మూత బిగించి ఒక రోజు చీకట్లో ఉంచాలి. మరుసటి రోజు పావు గ్రాము యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి కుదిపి వడకడితే నీళ్లలా తేటగానో, లేత గడ్డిరంగులోనో దిగుతుంది. గులాబీ రంగు మిగిలితే చార్‌కోల్‌తో ఇంకోసారి వడకట్టాలి. తర్వాత ఎప్పుడు గులాబీకి తిరిగినా అది చెడిపోయినట్టే.

జులై రెండో వారం: ఉల్లితో చెయ్యి కుదర్చడం

ఉల్లి మా లక్ష్యం కాదు, కానీ ఉల్లి మీద చెయ్యి కుదరకుండా వేరుశనగ మీదికి వెళ్తే రసాయనాల వృథా తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఇక్కడ సాంబారు ఉల్లి ఏడాది పొడవునా దొరుకుతుంది. దానికీ 16 క్రోమోజోములే, వేర్లు మాత్రం సన్నగా గుత్తులుగా వస్తాయి కాబట్టి ఒక్క పాయతోనే చాలా స్లైడ్లు చేసుకోవచ్చు. ఎండు వేర్లను బ్లేడుతో గీకేయాలి, అడుగు బిళ్లకు గాటు పడకూడదు. అడుగు మాత్రమే నీటిని తాకేలా చిన్న గ్లాసు మీద కూర్చోబెట్టాలి. కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా కుళాయిలో వచ్చేదానికి క్లోరిన్ కలిపి ఉంటుంది. రాత్రంతా వెడల్పు గిన్నెలో పోసి ఉంచి వాడాలి. రోజుకోసారి నీళ్లు మార్చాలి.

వేర్లు రాకపోతే కారణాలు రెండు. పొలం నుంచి అప్పుడే వచ్చిన ఉల్లి నిద్రావస్థలో ఉంటుంది, ఎంత తడిపినా కదలదు. రెండోది, మొలక రాకుండా గామా కిరణాలు పట్టించిన ఉల్లి. అందులో కణ విభజనే దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఒకవేళ వేర్లు వచ్చినా మన పనికి రావు. పైన పచ్చగా మొలక కనిపిస్తున్న పాయలు ఏరుకుంటే ఈ రెండు చిక్కులూ ఉండవు.

ఉల్లికి ముందు శుద్ధి లేకుండా నేరుగా ఫిక్స్ చేసిన స్లైడ్లు కొన్ని, హైడ్రాక్సీక్వినోలిన్‌లో ఉంచినవి కొన్ని చేశాం. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. నేరుగా ఫిక్స్ చేసినవాటిలో ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ నాలుగూ కనిపిస్తాయి. మధ్యస్థదశలో క్రోమోజోములన్నీ కణం నడుమ ఒకే వరుసలో ఒత్తుకుని ఉంటాయి, లెక్కకు దొరకవు. మందులో ఉంచినవాటిలో కండె తంతువులు ఏర్పడవు. లాగే తాడు లేదు కాబట్టి క్రోమోజోములు కణమంతా చెదిరి ఉంటాయి, పొట్టిగా బిగుసుకుంటాయి, విభజన అక్కడే ఆగిపోయి మధ్యస్థదశ కణాలు పోగవుతాయి. అందుకే ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయన్న శాతం లెక్కించాలంటే నేరుగా ఫిక్స్ చేసిన స్లైడే తీసుకోవాలి. మందు పెట్టిన స్లైడులో ఆ శాతం లేనిపోని ఎత్తుకు పోతుంది.

ఉల్లి జతల్లో చాలావరకు సెంట్రోమియర్ (క్రోమోజోము రెండు చేతులూ కలిసే నొక్కు) నడుమనో, నడుమకు దగ్గరగానో ఉంటుంది. ఒక జతకు మాత్రం సెంట్రోమియర్ ఒక కొసకు జరిగి ఉంటుంది, పొట్టి చెయ్యి చివర సన్నటి దారంతో అంటుకున్న చిన్న ముక్క, అంటే శాటిలైటు చుక్క కనబడుతుంది. ఆ చుక్క కనిపించే స్లైడు చేయగలిగినవారికి వేరుశనగ అప్పగించవచ్చు.

జులై మూడో వారం: విత్తనం, మొలక

బజారులో విత్తనాల పేరుతో అమ్మే పప్పు తీసుకోకూడదు. దానికి విత్తనశుద్ధి మందు పట్టించి ఉంటుంది. కార్బెండజిమ్ అయితే మరీ చిక్కు: అది శిలీంధ్రపు ట్యూబ్యులిన్‌ను (కండె తంతువులు కట్టే ప్రోటీన్‌ను) పట్టుకుని కణ విభజనను ఆపే మందు. మోతాదు ఎక్కువైతే మొక్క వేర్లలోనూ విభజన తేడా చేస్తుంది. అలాంటి వేరులో కనిపించిన వింతలు రకానివో, మందువో తేల్చలేం. రైతు దగ్గర కాయలే తెచ్చుకుని, చేత్తో ఒలుచుకుని, పలచటి పొర చిట్లనివి ఏరుకోవాలి. మిషన్ ఒలిచిన పప్పులో మొలక ముక్కు విరిగినవి ఎక్కువ. మా మూడు రకాలూ గుత్తిగా పెరిగేవి, వీటి గింజలకు నిద్రావస్థ దాదాపు ఉండదు. అయినా కోత కోసిన వెంటనే కాకుండా, ఎండి కొన్నాళ్లు నిలవ ఉన్న కాయలైతే మొలక ఒక్కసారిగా వస్తుంది.

పప్పును ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఐదు నిమిషాలు ఉంచి, మూడు నాలుగు నీళ్లలో కడగాలి. ఇది మానేస్తే రెండో రోజుకే నల్ల బూజు కమ్ముతుంది. తడిపిన మొలక కాగితంలో వరుసగా పేర్చి, చుట్టగా చుట్టి, నిలువుగా నిలబెట్టాలి. కాగితం పిండితే నీళ్లు కారకూడదు, వేలికి చెమ్మ తగలాలి. అంతకన్నా తడి ఉంటే వేరుకు గాలి అందక చివర గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ చివరలో విభజన ఉండదు, కోయడం దండగ. 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచితే రెండు మూడు రోజుల్లో తల్లివేరు రెండు సెంటీమీటర్లు సాగుతుంది.

తల్లివేరు కొయ్యాలా, పిల్లవేర్లు కొయ్యాలా? పిల్లవేర్లే కొయ్యాలని మా గట్టి అభిప్రాయం. తల్లివేరు లావు, కణాల గోడలు బిరుసు, స్లైడు మీద పొరలు పొరలుగా మిగిలిపోతుంది. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే పక్కల నుంచి సన్నటి వేర్లు వస్తాయి. అవి ఒక సెంటీమీటరు ఉన్నప్పుడు కోస్తే మెత్తగా పరుచుకుంటాయి. ఒక్క గింజకు పదికి తక్కువ కాకుండా వస్తాయి. పైగా మొక్క చావదు కాబట్టి అదే మొక్కను కుండీలోకి మార్చి, తర్వాత దాని మొగ్గలూ చూడొచ్చు.

జులై ఆఖరు: కోసే వేళ, నీటి చల్లదనం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

వేరు చివర కణాలన్నీ ఒకేసారి విభజన చెందవు, కానీ రోజులో కొన్ని గంటల్లో విభజన ఎక్కువ ఉంటుంది. ఆ వేళ పంటను బట్టి, గది వేడిని బట్టి మారుతుంది. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా గంటకోసారి నాలుగు వేర్లు కోసి నేరుగా ఫిక్స్ చేసి, విభజన శాతం లెక్కేసుకుంటే మీ గదికి సరిపోయే వేళ తేలుతుంది. మా దగ్గర వేరుశనగకు 9 నుంచి 10.30 మధ్య కోసినవి బాగున్నాయి. మబ్బు పట్టి చల్లబడిన రోజుల్లో అది ఇంకాస్త ఆలస్యమవుతుంది. నీళ్లు మార్చినా, చోటు మార్చినా ఆ రోజు కొయ్యకుండా మరుసటి రోజు కొయ్యడం మంచిది.

కోసిన వేరును చటుక్కున హైడ్రాక్సీక్వినోలిన్‌లో వేయాలి. బల్ల మీద పెట్టి మాట్లాడుతూ కూర్చుంటే వేరు వాడి, క్రోమోజోములు అంటుకుపోతాయి. ఒక చిన్న సీసాలో 5 మి.లీ. మందుకు పది వేర్లకు మించకూడదు. మూత గట్టిగా బిగించకూడదు, వేరుకు గాలి కావాలి.

ఇక చల్లదనం సంగతి. మందు 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలని ప్రతి మాన్యువల్‌లో ఒక లైను ఉంటుంది, చాలామంది అది చూసి దాటిపోతారు. చల్లటి ఊళ్లలో గదే ఆ వేడిలో ఉంటుంది కాబట్టి నడుస్తుంది. తిరుపతిలో జులైలో ఫ్యాను కింద కూడా గది 33, 34 ఉంటుంది. ఒకే గింజ వేర్లను మూడు భాగాలు చేసి గది వేడిలో, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, 17 డిగ్రీల పెట్టెలో పెట్టి పోల్చాం. గది వేడిలో ఉంచినవాటిలో క్రోమోజోములు ఉండలు కట్టి, నడుమ ఒక ముద్దగా కనిపించాయి. ఫ్రిజ్‌లో ఉంచినవాటిలో విభజనలో ఉన్న కణాలే అరుదు, ఎందుకంటే వేరుశనగ వెచ్చటి నేల పంట, అంత చలిలో కణం విభజనలోకి అడుగే పెట్టదు. 17 దగ్గర ఉంచినవాటిలోనే విడివిడిగా చెదిరిన మధ్యస్థదశలు దొరికాయి.

ఏసీ గది అక్కర్లేదు. మూతున్న థర్మోకోల్ పెట్టెలో మూడో వంతు నీళ్లు పోసి, గడ్డకట్టించిన అర లీటరు నీళ్ల సీసా ఒకటి పడేసి, థర్మామీటరు గుచ్చి, 17 కు దిగాక మందు సీసాలను ఆ నీళ్లలో నిలబెట్టాలి. గంటకోసారి చూసుకుంటూ 18 దాటితే ఐస్ సీసా మార్చాలి, 15 కు దిగితే తీసేయాలి. మందు సీసా కూడా ముందే ఆ నీళ్లలో ఉండి చల్లబడి ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల మందులో వేస్తే వేరుకు దెబ్బ.

ఎంతసేపు? సన్నటి పిల్లవేర్లకు మూడు గంటలు, తల్లివేరు చివరకు నాలుగు. ఐదు దాటితే వేరే చిక్కు వస్తుంది. సెంట్రోమియర్ దగ్గర కూడా క్రొమాటిడ్లు (ఒక్కో క్రోమోజోములోని రెండు జంట పోగులు) విడిపోయి, కండె లేదు కాబట్టి రెండు ధ్రువాలకూ పోలేక అక్కడే ఉంటాయి. లెక్కపెడితే 40 కి బదులు 80 దాకా వస్తాయి. అలాంటి కణంలో క్రొమాటిడ్లు జత చెప్పుల్లా పక్కపక్కనే, సమాంతరంగా ఉంటాయి. అసలైన రెట్టింపు కణంలో ఆ జతలు కనిపించవు. వేరు చివర నుంచి పైకి పోయేకొద్దీ ముదురు కణాల్లో సహజంగానే రెట్టింపు డీఎన్‌ఏ ఉన్నవి తగులుతాయి. ఎక్కడో ఒక కణంలో 80 కనిపించిందని మొక్కే రెట్టింపయిందని రాయకూడదు.

ఆగస్టు మొదటి వారం: ఫిక్స్ చేయడం, ఆమ్లంలో ఉడికించడం, రంగు

మందులోంచి తీసిన వేర్లను ఒకసారి నీళ్లలో కడిగి ఫిక్సేటివ్‌లో వేయాలి. వేర్ల పరిమాణానికి కనీసం పదిహేను ఇరవై రెట్లు ద్రవం ఉండాలి. గది వేడిలో 24 గంటలు చాలు. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటాయి. కానీ కొత్తవాటికి ఉన్న మెత్తదనం పాతవాటికి ఉండదు, వీలైనంత త్వరగా వాడేయాలి.

ఆమ్లం పని రెండు విధాలు. కణాల మధ్య జిగురును కరిగించి విడివిడిగా పరుచుకునేలా చేస్తుంది, డీఎన్‌ఏలోని ప్యూరిన్ బేసులను తొలగించి షిఫ్ రంగు పట్టే చోట్లు తెరుస్తుంది. వేర్లను ముందు నీళ్లలో కడిగి ఆల్కహాల్ పోగొట్టాలి. ఒక నార్మల్ ఆమ్లాన్ని ముందే నీటి స్నానంలో 60 డిగ్రీలకు తెచ్చి, అప్పుడు వేర్లు వేసి, గడియారం చూస్తూ ఉండాలి. ఉల్లికి 8 నిమిషాలు, వేరుశనగ పిల్లవేర్లకు 8 నుంచి 10, తల్లివేరుకు 10 నుంచి 12. వేడి 58 కి పడిపోతే రంగు చాలదు. సమయం దాటిపోతే డీఎన్‌ఏ కూడా కరిగి ఆమ్లంలోకి పోతుంది, క్రోమోజోములు వెలిసిపోయి అంచులు చెదురుతాయి. రంగు తక్కువైందని ఇంకో రెండు నిమిషాలు ఉడికిస్తే ఇంకా వెలుస్తుంది. ముందు ఏ దిక్కున తప్పిందో తెలుసుకోవాలి: కణం గట్టిగా ఉండి రంగు తక్కువైతే ఆమ్లం చాలలేదు, కణం పిండిలా చిదిమిపోతూ రంగు తక్కువైతే ఆమ్లం మితిమీరింది.

ఆమ్లం తీసేసి, కడిగి, షిఫ్‌లో వేసి చీకట్లో గంట ఉంచాలి. తీసి చూస్తే వేరంతా తెల్లగా ఉండి, చివర మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మేర ముదురు ఊదారంగులో ఉంటుంది. ఆ ముక్కే విభాజ్య కణజాలం, అంటే కణాలు విభజన చెందే భాగం. అసిటోకార్మిన్ ఒక్కటే వాడితే ఈ గుర్తు ఇంత స్పష్టంగా దొరకదు. ఎక్కడ కొయ్యాలో తెలియక వేరు తొడుగు తీసుకునేవారు, పైన సాగే భాగం తీసుకునేవారు ఎక్కువ. రెండింటిలోనూ విభజన కనిపించదు. పైగా షిఫ్ డీఎన్‌ఏకే పడుతుంది, కణద్రవ్యం తేటగా ఉంటుంది. వేరుశనగ లాంటి చిన్న క్రోమోజోములకు ఈ తేటదనం చాలా అవసరం. అసిటోకార్మిన్ ఒక్కటే అయితే కణద్రవ్యం కూడా ఎర్రబడి చిన్న క్రోమోజోములు అందులో కలిసిపోతాయి.

ఆగస్టు రెండో వారం: స్లైడు నొక్కడం

ఊదారంగు ముక్కను మాత్రమే కోసి, మిగతాది పారేయాలి. చివరి వేరు తొడుగును సూదితో తోసేయాలి. స్లైడు మీద అసిటోకార్మిన్ చిన్న చుక్క, 10 మైక్రోలీటర్లకు మించకుండా. చుక్క పెద్దదైతే కవర్‌స్లిప్పు తేలుతుంది, నొక్కినప్పుడు మంచి కణాలు ద్రవంతోపాటు బయటికి కొట్టుకుపోతాయి. ముక్కను ఇనుప సూదులతో పొడిలా అయ్యేదాకా చిదిమి, పెద్ద తునకలు ఏరి పారేయాలి. ఒక్క లావు తునక మిగిలినా కవర్‌స్లిప్పు దాని మీద ఆగి, చుట్టూ ఉన్న కణాలు నలగవు.

18 మి.మీ. కవర్‌స్లిప్పు వేసి, పెన్సిలు వెనక రబ్బరుతో నిలువుగా మెల్లగా తడుతూ ఉండాలి. తట్టేకొద్దీ కణాలు గుంపు విడి పొరలా పరుచుకోవడం 10ఎక్స్ కింద చూస్తూనే ఉండొచ్చు. తర్వాత స్పిరిట్ దీపం మీదుగా రెండు మూడుసార్లు తిప్పాలి. స్లైడు అడుగు చేతి వెనక ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. మరిగితే బుడగలు వచ్చి పొర చెదిరిపోతుంది. ఆఖరున ఫిల్టరు కాగితం మడతలో పెట్టి బొటనవేలితో తిన్నగా, గట్టిగా ఒక్కసారి నొక్కాలి. కవర్‌స్లిప్పు పక్కకు వెంట్రుకవాసి జరిగినా కణాలు దొర్లి క్రోమోజోములు చుట్టలు పడతాయి. ఆ స్లైడు పక్కన పెట్టి ఇంకోటి చేయడమే మేలు. అంచులకు గోళ్ల రంగు పూస్తే రెండు మూడు రోజులు ఎండకుండా ఉంటుంది.

మైక్రోస్కోపు కింద ఆకుపచ్చ ఫిల్టరు పెట్టాలి. లేకపోతే ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితం ముక్క దీపం మీద పరచినా సరే. ఎరుపు, ఊదా రంగులు పచ్చ వెలుగును పీల్చుకుంటాయి కాబట్టి క్రోమోజోములు నల్లగా తేలతాయి. ఆ చిన్న సెల్లోఫేన్ ముక్కతో ఫొటోలు ఎంత మారతాయో చూస్తే ఎవరైనా ఇక అది లేకుండా పని చేయరు.

ఆగస్టు నాలుగో వారం: లెక్క

40ఎక్స్ కింద స్లైడును వరుసగా వెతికి, గోడ చిట్లని కణాన్ని ఎంచుకుని, అప్పుడు ఆయిల్ వేయాలి. చిట్లిన కణంలో లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది, పక్క కణం నుంచి ఒకటి వచ్చి చేరితే ఎక్కువా వస్తుంది. బొమ్మ గీసుకుంటూ, గీసినదాని మీద అంకె వేసుకుంటూ లెక్కపెట్టాలి. ఫొటో మీద లెక్కపెట్టడం సులువే, కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కినవి రెండో ఒకటో ఫొటో చెప్పదు. ఫైన్ ఫోకస్ అటూ ఇటూ తిప్పుతూ కంటితో చూస్తేనే తేలుతుంది. 38, 39 వచ్చిన కణాల్లో అతుక్కున్న జంట ఎక్కడుందో వెతకాలి, సరిచేసి 40 రాయడం కాదు. ఒక్కో రకానికి వేర్వేరు గింజల నుంచి కనీసం పది మంచి కణాలు ఉండాలి. మూడు రకాల్లోనూ మంచి కణాల్లో వచ్చిన లెక్క 40.

ఆ 40 లో రెండు జతలు గుర్తుపట్టే వీలుంది. ఒకటి మిగతావాటికన్నా స్పష్టంగా చిన్నది, దాన్ని 1930ల్లోనే హస్టెడ్ అనే శాస్త్రవేత్త గుర్తించి ‘ఎ’ క్రోమోజోము అన్నాడు. రెండోది సెంట్రోమియర్ కాక రెండో నొక్కు కూడా ఉన్న శాటిలైటు జత. ఆ నొక్కు సాగి ఉంటే శాటిలైటు ముక్క విడిగా పడి, లెక్క 41, 42 గా వస్తుంది. చుక్కలా ఉన్న ముక్కకూ, దగ్గర్లోని క్రోమోజోముకూ మధ్య సన్నటి దారం కనిపిస్తే అది ఒకటే.

ఈ రెండు జతలూ ‘ఎ’ జీనోమ్‌కు, అంటే ‘ఎ’ అని పిలిచే క్రోమోజోముల సెట్టుకు చెందినవే. వేరుశనగ నిజానికి రెండు అడవి జాతుల కలయిక: దక్షిణ అమెరికాలోని అరాకిస్ డ్యురానెన్సిస్ నుంచి ‘ఎ’ సెట్టు, అరాకిస్ ఇపాయెన్సిస్ నుంచి ‘బి’ సెట్టు. ఒక్కో జాతికి 20 క్రోమోజోములు. కలిసి రెట్టింపై 40 అయ్యాయి. ఆ రెండు అడవి జాతుల జీనోములు (డీఎన్‌ఏ అక్షరాల పూర్తి వరుసలు) 2016లో, సాగు వేరుశనగది 2019లో వెలువడ్డాయి. స్లైడులో చూసే చిన్న జతకూ ఆ అక్షరాల వరుసకూ మధ్య సంబంధం విద్యార్థికి కంటితో అందుతుందంటే, ఈ శ్రమంతా అందుకే.

కొలతలకు ఆక్యులర్ మైక్రోమీటరును స్టేజి మైక్రోమీటరుతో సరిపోల్చుకోవాలి. స్టేజి మీద ఒక్కో గీత 10 మైక్రాన్లు. ఒక్కో అబ్జెక్టివ్‌కు విడిగా సరిపోల్చాలి, 40ఎక్స్ లెక్క 100ఎక్స్‌కు పనికిరాదు. పొడుగు చేతిని పొట్టి చేతితో భాగిస్తే వచ్చే నిష్పత్తిని 1964లో లెవాన్ బృందం పెట్టిన హద్దులతో చూడాలి: 1.7 లోపు మెటాసెంట్రిక్ (సెంట్రోమియర్ నడుమ), 3 లోపు సబ్‌మెటాసెంట్రిక్ (కాస్త పక్కకు), 7 లోపు సబ్‌టెలోసెంట్రిక్ (కొసకు దగ్గరగా). వేరుశనగలో ఒక్కో చెయ్యి మైక్రాను అటూ ఇటూగా ఉంటుంది, పావు మైక్రాను తేడా వస్తే గుంపే మారిపోతుంది. కాబట్టి ఈ మైక్రోస్కోపుతో ఆ రెండు జతలకు మించి పేర్లు పెట్టడం నమ్మదగ్గది కాదు. మందులో ఎక్కువసేపు ఉంటే పొడవే తగ్గుతుంది, రెండు స్లైడ్ల పొడవులను నేరుగా పోల్చకూడదు.

సెప్టెంబరు: మొగ్గల వైపు

వేరు చివరలో 40 లెక్క కుదిరాక, అదే మొక్కల మొగ్గల్లో క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) చూడాలి. ‘ఎ’ సెట్టు ‘ఎ’తోనే, ‘బి’ సెట్టు ‘బి’తోనే జతకడుతుంది కాబట్టి పుప్పొడి మాతృకణంలో 20 జంటలు కనిపించాలి. సాగు వేరుశనగను 20 క్రోమోజోముల అడవి జాతితో సంకరం చేస్తే సంతతిలో 30 వస్తాయి, జత లేనివి మిగిలిపోతాయి, మొక్క దాదాపు గొడ్డుపోతుంది. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే గుణం అరాకిస్ కార్డెనాసి నుంచి సాగు రకాల్లోకి తేవడానికి ఈ అడ్డు దాటాల్సి వచ్చింది. రాయలసీమ రైతుకు ఏటా మందుల ఖర్చు తెచ్చిపెట్టే తెగుళ్లవి. క్రోమోజోముల లెక్క వచ్చినవాళ్లే ఆ సంకరాల్లో ఏ మొక్క నిలుస్తుందో ముందుగా చెప్పగలరు.

మొగ్గలకు మందు శుద్ధి అక్కర్లేదు, నేరుగా ఫిక్సేటివ్‌లో వేయాలి. పువ్వు విచ్చడానికి ఎంతో ముందే క్షయకరణ విభజన అయిపోతుంది కాబట్టి ఆకు మొదట్లో దాగిన చిన్న మొగ్గలే కావాలి. ఒక కొమ్మ మొగ్గలను సైజు వరుసలో పేర్చి, ఒక్కోదాని నుంచి ఒక్క పరాగకోశం చిదిమి చూడాలి. నాలుగు నాలుగు కణాల గుంపులు కనిపిస్తే ఆ మొగ్గ ముదిరింది, దానికన్నా ఒక మెట్టు చిన్నది తీసుకోవాలి. ముందు మిరపతో మొదలుపెడుతున్నాం. దానికి 12 జంటలే, మొగ్గలు పెద్దవి, ఇక్కడ తోటల్లో ఎప్పుడూ దొరుకుతాయి. చెరుకు మాత్రం ఇప్పట్లో ముట్టుకోం. సాగు రకాల్లో 100 నుంచి 130 దాకా క్రోమోజోములు ఉంటాయి, ఒక్కో రకానికి ఒక్కో లెక్క. దానికి ఎంజైములు లేకుండా చాలా కష్టం.